జమా-ఖర్చు: చలికాలం సెలవులకు ఏ ఊరు?

దీపావళి వెళ్ళి, ప్రమిదలు కడిగి అటకమీద పెట్టేసరికి బెంగుళూరులోని తెలుగువారి ఇళ్ళలో ఒక చర్చ మొదలవుతుంది. ఈసారి చలికాలం సెలవులకు ఎక్కడికి వెళదాం? పిల్లలు మంచు చూడాలంటారు. ఇంటాయన తక్కువ ఖర్చులో తేలే చోటు చెప్పమంటాడు. ఇల్లాలు, తాను వంట చెయ్యనక్కరలేని చోటు ఏదైనా సరేనంటుంది. ఊళ్ళో ఉన్న పెద్దవాళ్ళు మాత్రం ఏమీ అనరు. ఫోను పెట్టేసే ముందు "పండక్కి వస్తున్నారా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా "సరేలే, మీ వీలు చూసుకోండి" అంటారు. అందరికంటే మెల్లగా వినిపించే ఆ మాటకే ఈ చర్చలో ఎక్కువ విలువ ఇవ్వాలని నా అభిప్రాయం. ఎందుకో లెక్క వేసి చెబుతాను. బ్యాంకు వాడిని కదా, లెక్క వెయ్యకుండా ఏదీ చెప్పలేను.

మా ఉద్యోగాల్లో లీవ్ ఫేర్ కన్సెషన్ అని ఒక సౌకర్యం ఉంది. ప్రభుత్వోద్యోగులు దాన్నే ఎల్.టి.సి. అంటారు. బ్యాంకు ఆఫీసర్లకు నాలుగేళ్ళు ఒక విడత. అందులో ప్రతి రెండేళ్ళకు ఒకసారి స్వస్థలానికి వెళ్ళి రావచ్చు. లేదా ఒక రెండేళ్ళలో స్వస్థలానికి, మరో రెండేళ్ళలో దేశంలో ఎక్కడికైనా వెళ్ళవచ్చు. కేంద్ర ప్రభుత్వం 1956లో ఈ రాయితీని మొదలుపెట్టినప్పుడు అది సొంత ఊరికి వెళ్ళి రావడానికి మాత్రమే. దేశం చూసి రావడమన్నది తరువాత చేరింది. ఉద్యోగం కోసం ఊరు వదిలినవాడిని అప్పుడప్పుడూ ఆ ఊరికి పంపాలన్నదే నిబంధన రాసినవారి మొదటి ఆలోచన. ఇప్పుడు నా బల్ల మీదికి వచ్చే దరఖాస్తుల్లో 'స్వస్థలం' అన్న మాట పలచబడింది. అందరూ దేశం చూడడానికే వెళుతున్నారు. చూడవలసిందే, కాదనను. కానీ ఇందులో మన కోరిక ఎంత, క్యాలెండరు బలవంతం ఎంత అన్నది ఒకసారి చూడాలి.

ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలకు సంక్రాంతికి వారం, పదిరోజులు సెలవులు. కర్ణాటకలో పెద్ద సెలవులు దసరాకు. ఇక్కడి బడుల్లో సంక్రాంతి అంటే ఒక్క రోజు. చాలా ఇంగ్లీషు మీడియం బడులు క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా మూసి ఉంటాయి. అంటే మన పిల్లలకు ఖాళీ ఉన్నప్పుడు ఊళ్ళో పిన్నిగారి పిల్లలు పరీక్షలు రాస్తుంటారు. వాళ్ళు గాలిపటాలు ఎగరేస్తున్నప్పుడు మనవాళ్ళు బస్సు కోసం యూనిఫారం వేసుకుని నిలబడి ఉంటారు. వంద మైళ్ళ అవతల రాష్ట్రం మారగానే అన్నదమ్ముల పిల్లలకు ఒకరి మొహం ఒకరు చూసే తీరిక ఉండదు. ఇది ఎవరి తప్పూ కాదు. కానీ దీని ఫలితం మాత్రం ఒక్కటే. డిసెంబరు చివరి వారం వచ్చేసరికి, "ఎలాగూ ఊళ్ళో పండగ లేదు, పిల్లల తోడూ లేదు, ఎక్కడికైనా పోదాం" అనిపిస్తుంది.

ఆ 'ఎక్కడికైనా' అన్నది మనవాళ్ళకు ఎక్కువగా చలి ఉన్న చోటు. అరకు అంటారు, లంబసింగి అంటారు. దూరపు కొండలు నునుపు అన్న సామెత ఇక్కడ అక్షరాలా పనిచేస్తుంది. అరకులోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. మన బెంగుళూరు సుమారు 920 మీటర్లు. విశాఖపట్నం వారికి అరకు కొండమీది ఊరు. మనకు మాత్రం రైల్లో దాదాపు ఒక రోజు ప్రయాణం చేసి, సముద్రం దాకా దిగి, మళ్ళీ మన ఎత్తుకే ఎక్కడం. ఎత్తు ఒకటే అయినా చలి అక్కడ ఎక్కువే. చుట్టూ కొండలున్న లోయల్లో మబ్బులేని రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. బరువైన చల్లగాలి జారి లోయ అడుగున చేరుతుంది. చింతపల్లి మండలంలోని లంబసింగిలో తెల్లవారుజామున గడ్డిమీద మంచు పేరుకోవడానికి కారణం ఇదే. ఆ ఊరికి 'కొర్రబయలు' అన్న పేరు కూడా ఉంది. బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని అర్థం చెబుతారు. బెంగుళూరు కూడా ఒకప్పుడు తక్కువ తినలేదు. 1884 జనవరి 13న ఇక్కడ 7.8 డిగ్రీలు నమోదైంది. ఇప్పటికీ ఈ నగరంలో అంతకు తక్కువ రికార్డు లేదు.

అరకు వెళ్ళవద్దని కాదు. ఆ రైలుదారి సొరంగాలూ వంతెనలూ పిల్లలు జన్మలో మరిచిపోరు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో ఆ దారి వేశారు. 2017 ఏప్రిల్ నుంచి దానిమీద అద్దాల పెట్టె కూడా నడిపారు. వెళితే ఆ రైలు కోసం, కాఫీ తోటల కోసం, బొర్రా గుహల కోసం వెళ్ళాలి. ఒట్టి చలి కోసమైతే అంతదూరం అనవసరం. అలాగే ఉత్తరాదికి వెళ్ళేవారు పొగమంచును లెక్కలోకి తీసుకోవాలి. డిసెంబరు, జనవరి నెలల్లో గంగా మైదానంలో రైళ్ళు గంటల తరబడి ఆలస్యమవుతాయి, కొన్నిటిని ముందుగానే రద్దు చేస్తారు. అయిదు రోజుల సెలవులో ఒక రోజు ప్లాట్‌ఫారం మీదనే గడిచిపోతే మిగిలేది నాలుగు. మన కోస్తా వైపు ఈశాన్య రుతుపవనాల కాలం డిసెంబరు దాకా ఉంటుంది. 2023లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న. నెల చివరికి వాన సంగతి మామూలుగా తేలిపోతుంది, అయినా బయలుదేరే ముందు వాతావరణ వార్త వినడం మంచిది.

ఇక డబ్బు మాట. మా శాఖలో చేరే కుర్రవాళ్ళు "ఎల్.ఎఫ్.సి. ఉంది కదండీ, అంతా బ్యాంకే ఇస్తుంది" అనుకుంటారు. ఇచ్చేది దారిఖర్చు. హోటలు గది, భోజనాలు, చూడబోయే చోట తిరిగే కార్లు, కొనుక్కునే శాలువాలు అన్నీ మన జేబులోంచే. ఆదాయపు పన్ను మినహాయింపు కూడా దారిఖర్చుకే. అదీ నాలుగేళ్ళ విడతలో రెండు ప్రయాణాలకు, పాత పన్ను పద్ధతి ఎంచుకున్నవారికి. దేశం లోపలి ప్రయాణానికే ఇది వర్తిస్తుంది. దారి మధ్యలో సింగపూరును కలుపుకుని చివరికి ఇక్కడి ఊరు చేరి బిల్లు పెట్టవచ్చునా అన్న వాదన ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు ఉద్యోగుల విషయంలో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2022 నవంబరు 4న కోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. కనుక టికెట్టు రాయితీ ఉంది కదా అని ఎక్కువ దూరం ఎంచుకుంటే, రాయితీ కంటే మన సొంత ఖర్చే ఎక్కువ పెరుగుతుంది. ఊరికి వెళితే ఈ పద్దులు చాలావరకు ఉండవు. కానీ ఊరికి వెళ్ళాలనడానికి నేను చెప్పే కారణం డబ్బు కాదు.

అసలు లెక్క ఇది. పిల్ల ఒకటో తరగతిలో చేరినప్పటి నుంచి తొమ్మిదో తరగతి దాకా తొమ్మిది చలికాలాలు. పదో తరగతిలో ఎక్కడికీ కదలనివ్వరు. ఆ తరువాతి రెండేళ్ళూ ఎంట్రన్సు కోచింగు. ఆపైన హాస్టలు. అప్పుడు సెలవులు ఇచ్చినా మనతో వస్తారన్న భరోసా లేదు, స్నేహితులతో వెళతారు. ఆ తొమ్మిదిలో ఒకటి జ్వరానికి, ఒకటి సెలవు దొరకని ఆఫీసుకు తీసెయ్యండి. డిసెంబరు 31 మాకు మూడునెలల ముగింపు లెక్కల రోజు, అందుచేత ఈ రెండో పద్దు నాకు బాగా తెలుసు. మిగిలింది ఏడు. పిల్లకు ఆరేళ్ళున్నప్పుడు తాతగారికి 72 అనుకోండి. ఆ ఏడు చలికాలాలూ అయ్యేసరికి ఆయనకు 80 వస్తాయి. మొదటి రెండు మూడేళ్ళు ఆయన పిల్లను వేలు పట్టుకుని చెరువుగట్టుకు తీసుకెళతాడు. తరువాత కొన్నాళ్ళు అరుగుమీద కూర్చుని కథ చెబుతాడు. ఆ తరువాత పిల్లే ఆయన చెయ్యి పట్టుకోవాలి. మనం ఏడు చలికాలాలు ఒకే విలువ గల ఏడు నోట్ల లాంటివి అనుకుంటాం. కావు.

కామర్సు చదివినవారికి ఒక సూత్రం నేర్పుతారు. త్వరగా చెడే సరుకును ముందు అమ్ముకోవాలి, నిలవ ఉండేది తరువాత. పెద్దవాళ్ళను సరుకుతో పోలుస్తావా అని కోప్పడకండి, నేను చెడిపోతుందన్నది మనుషులను కాదు, అవకాశాన్ని. హిమాలయాలు పదేళ్ళ తరువాతా ఉంటాయి. పైగా ఆరేళ్ళ పిల్లకు సిమ్లా మంచు ఎంత గుర్తుంటుంది? పన్నెండేళ్ళ పిల్లకైతే గుర్తుంటుంది, తన సంచీ తాను మోసుకుంటుంది, ఏ కొండ ఎందుకు అలా ఉందో అడుగుతుంది. కనుక మొదటి చలికాలాలు ఊరికి, తరువాతివి దూరపు కొండలకు అన్నది నా వరస. మన ఇళ్ళలో జరుగుతున్నది దీనికి తలకిందులు. పిల్లలు చిన్నగా ఉండగా టికెట్టు సగం అనో, అసలు లేదనో దూరప్రయాణాలన్నీ అప్పుడే కానిస్తున్నాం. ఊరిని మాత్రం "వచ్చే ఏడు తప్పకుండా" అని వాయిదా వేస్తున్నాం.

మరో సంగతి కూడా ఉంది. బెంగుళూరులో మన పిల్లలు ఇంట్లో తెలుగు వింటారు, వీధిలో కన్నడం, బడిలో ఇంగ్లీషు మాట్లాడతారు. తెలుగులో మాట్లాడక తప్పని మనిషి వాళ్ళకు ఎవరున్నారు? మనకు ఇంగ్లీషులో జవాబిచ్చినా మనం అర్థం చేసుకుంటాం కనుక మనం లెక్కలోకి రాము. ఇంగ్లీషు రాని నాయనమ్మ ఒక్కతే ఆ పని చెయ్యగలదు. మా సహోద్యోగి కొడుకు ఒకడు, ఎనిమిదేళ్ళవాడు, వారం రోజులు గుంటూరు జిల్లాలో ఉండి వచ్చి, వాళ్ళమ్మ "ఇల్లంతా దుమ్ము" అంటే "కళ్ళాపి చల్లకపోతే లేవదా మరి?" అన్నాడట. ఆ మాట ఏ పుస్తకంలోంచి నేర్పగలం?

ఇక్కడ మన సంఘంలోని చెల్లెళ్ళు ఒక ప్రశ్న అడుగుతారని నాకు తెలుసు. "ఊరు, ఊరు అంటున్నారు, అది ఎవరి ఊరు? అక్కడికి వెళితే సెలవు ఎవరికి?" న్యాయమైన ప్రశ్న. అత్తవారింటికి పండగకు వెళ్ళిన కోడలికి తెల్లవారుజామున పొయ్యి దగ్గర మొదలై రాత్రి గిన్నెలతో ముగిసే రోజును సెలవు అనడం దబాయింపే అవుతుంది. ఆఫీసులో అర్జించిన సెలవు పెట్టి ఇరవైమందికి అరిసెలు వండిరావడం ఎవరికి ఇష్టం? ఊరి ప్రయాణాలు తగ్గడానికి సగం కారణం ఇదేనని నా అనుమానం, మగవాళ్ళం బయటికి చెప్పం అంతే. దీనికి మందు లేకపోలేదు. రెండు ఊళ్ళూ రెండు పద్దులుగా రాసుకోవాలి. ఒక ఏడు అబ్బాయి తరఫు, ఒక ఏడు అమ్మాయి తరఫు. వంటకు ఊళ్ళోనే ఒక మనిషిని ఆ నాలుగు రోజులకు కుదుర్చుకుని, ఆ డబ్బు మనమే ఇవ్వాలి. హోటలు గదికి ఒక రాత్రికి ఇచ్చేది అక్కడ చాలావరకు సరిపోతుంది. అల్లుడూ కొడుకూ విస్తళ్ళు తియ్యడానికి లేస్తే పండగ పాడవదు.

పెద్దవాళ్ళ వైపు నుంచి కూడా చూడాలి. మా అమ్మది తెనాలి దగ్గర పల్లెటూరు. ఎనభై దాటింది. మేము ఆరు రోజులు ఉంటామంటే సంతోషిస్తుంది కానీ, నాలుగో రోజుకే అలసిపోతుంది. ఒకసారి నాతో అంది: "మీరొచ్చే ముందు పది రోజులూ, వెళ్ళాక పది రోజులూ నాకు పండగేరా. మధ్యలో ఆరు రోజులూ హడావిడి." నవ్వుతూనే అంది, కానీ అందులో నిజం ఉంది. పదిమంది ఒక్కసారి దిగి వారం ఉండడం కంటే, నలుగురు వెళ్ళి మూడు రోజులు ఉండడం ఆమెకు సుఖం. మన రెండు కోరికలనూ కలిపే దారి అక్కడే దొరుకుతుంది. మూడు రోజులు ఊరు, రెండు రోజులు దగ్గరలోని ఒక చోటు. లేదా పెద్దవాళ్ళను కూడా వెంటబెట్టుకుని మధ్యదారిలో కలుసుకోవడం.

మధ్యదారి చోట్లు మనకు కొదవలేదు. కాకినాడ నుంచి బెంగుళూరు వచ్చే శేషాద్రి ఎక్స్‌ప్రెస్ తెనాలి, నెల్లూరు, తిరుపతి మీదుగానే వస్తుంది. కోస్తా పెద్దవాళ్ళు రాత్రి ఎక్కితే తెల్లవారాక తిరుపతి. మనకు ఇక్కడి నుంచి అయిదారు గంటలు. ధనుర్మాసంలో తిరుమలలో సుప్రభాతానికి బదులు తిరుప్పావై వినిపిస్తుంది, మన వయసువారికి అదొక్కటి చాలు. అయితే వైకుంఠ ఏకాదశి ఎప్పుడు పడిందో చూసుకోండి. 2020 డిసెంబరు నుంచి వైకుంఠ ద్వారం పది రోజులు తెరవడం మొదలుపెట్టారు, ఆ రద్దీలోకి మోకాళ్ళ నొప్పులవారిని తీసుకెళ్ళకూడదు.

రాయలసీమ వారికైతే మదనపల్లె దగ్గరి హార్సిలీ కొండలు. అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ, 19వ శతాబ్దంలో కడప కలెక్టరు హార్సిలీ అక్కడ ఇల్లు కట్టుకున్నాక ఆయన పేరు స్థిరపడింది. సుమారు 1265 మీటర్ల ఎత్తు, అంటే నిజంగా మనకంటే పైన. కారు కొండమీది దాకా వెళుతుంది. దిగి వస్తూ మదనపల్లెలో ఆగి, రవీంద్రనాథ్ టాగూరు 1919 ఫిబ్రవరిలో 'జనగణమన'ను ఇంగ్లీషులోకి మార్చింది ఈ ఊళ్ళోనేనని పిల్లలకు చెప్పవచ్చు. హిందూపురం వైపు వారికి లేపాక్షి ఉంది. అచ్యుతదేవరాయల కాలంలో విరుపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయం, ఏకశిలా బసవన్న. 2022లో అది యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. ఉదయం బెంగుళూరులో కాఫీ తాగి బయలుదేరితే పది గంటలకు బసవన్న ముందు ఉంటారు. ఆ దగ్గరలోనే చిలమత్తూరు మండలం వీరాపురం ఉంది. ఏటా జనవరి నుంచి ఎర్రకాళ్ళ కొంగలు ఆ ఊరి చింతచెట్ల మీద గూళ్ళు కట్టుకోవడానికి వస్తాయి. ఊరివాళ్ళు వాటి జోలికి ఎవరినీ పోనివ్వరు. ఇక బెలూం గుహలు, బొర్రా గుహలు చూడదగ్గవే కానీ అవి మెట్లు, ఉక్క. పెద్దవాళ్ళతో వద్దు.

కదలలేని పెద్దవాళ్ళు ఉన్నవారు ఊరికే వెళ్ళాలి, వేరే మార్గం లేదు. కదలగలిగినవారిని ఇక్కడికే పిలిపించుకోవచ్చు కూడా. చలికాలమే బెంగుళూరు అందంగా ఉండే కాలం. కార్తీకంలో చివరి సోమవారం బసవనగుడిలో వేరుశనగల పరిష, తరువాత అనపకాయల రోజులు, జనవరిలో లాల్‌బాగ్ పూలప్రదర్శన. పితికిన పప్పు కూరకు గింజలు ఒలుస్తూ నాయనమ్మ పక్కన కూర్చున్న పిల్లకు సెలవు దండగైందని ఎవరూ అనలేరు. సంక్రాంతి నాడు పొరుగింటి కన్నడం వారు నువ్వులూ బెల్లం తెచ్చి పెడితే, మన పెద్దవాళ్ళకు పండగ రెండు విధాలుగా చేసుకున్నట్లు ఉంటుంది.

ఇక పని చూద్దాం. రైలు రిజర్వేషన్ 2024 నవంబరు 1 నుంచి 120 రోజులకు బదులు 60 రోజుల ముందు మొదలవుతోంది. ఆ లెక్కన డిసెంబరు 24 ప్రయాణానికి అక్టోబరు 25న, జనవరి 12 ప్రయాణానికి నవంబరు 13న ఉదయం 8 గంటలకు కూర్చోవాలి. సంక్రాంతి రైళ్ళలో తొమ్మిది గంటలకు మిగిలేది వెయిటింగ్ లిస్టే. పెద్దవాళ్ళకు కింది బెర్తు అడగడం మరవకండి. వారికి టికెట్టులో ఉన్న రాయితీ 2020 మార్చిలో తీసేశారు కనుక ఆ ఖర్చు కూడా ముందే రాసుకోండి.

అయితే కంప్యూటరు ముందు కూర్చోకముందు, ఇంట్లో అందరినీ పిలిచి ఒక కాగితం మీద మీ పిల్లలకు మిగిలిన చలికాలాలు ఎన్నో అంకెలు వెయ్యండి. ప్రతి అంకె పక్కన ఊళ్ళో ఉన్నవారి వయసు రాయండి. ఆ తరువాత వారికి ఫోను చేసి, "ఈసారి మేం రమ్మంటారా, మీరే వస్తారా, మధ్యలో కలుద్దామా?" అని అడగండి. ఒకసారి అడిగి ఊరుకోకండి, "మీ వీలు చూసుకోండి" అని వాళ్ళు అన్నాక రెండోసారి కూడా అడగండి.